‘ఫిట్’ అన్న ఒక్క మాట చాలదు

వైద్య కారణాలపై తీసుకున్న సెలవు ముగించుకొని తిరిగి డ్యూటీలో చేరే కేంద్ర ప్రభుత్వోద్యోగి ఒక ధ్రువపత్రం దాఖలు చేయాలి. 1972 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల సెలవు నిబంధనలలో ఐదవ నమూనా ఫారం అది. ఉద్యోగి జబ్బు నుండి కోలుకున్నాడనీ, ప్రభుత్వ కొలువులో తిరిగి చేరడానికి యోగ్యుడనీ డాక్టరు అందులో సంతకం చేస్తాడు. అంతటితో ఆ కాగితం పని తీరిపోతుంది. ఏ పనికి యోగ్యుడు? ఎంత బరువు ఎత్తవచ్చు? ఎన్ని మెట్లు ఎక్కవచ్చు? ఎన్ని గంటలు ఎండలో నిలువవచ్చు? వీటిలో ఒక్క ప్రశ్నకైనా ఆ ఫారంలో గడి లేదు. రైల్వేలో ధ్రువపత్రమిచ్చే పద్ధతి వేరు. అయినా అక్కడి సోదరుల నోట కూడా అది ‘ఫిట్’, ‘అన్‌ఫిట్’ అన్న రెండు మాటల వ్యవహారమే.

బల్ల ముందు కూర్చొని పనిచేసేవారికి ఈ లోపం అంతగా తెలియదు. సంచి మోసే పోస్ట్‌మాన్‌కు, మెయిల్ బస్తాలెత్తే ఆర్.ఎం.ఎస్. ఉద్యోగికి, పనిముట్లు భుజాన వేసుకొని పట్టాల వెంట నడిచే ట్రాక్ మెయింటెయినర్‌కు, రెండు పెట్టెల నడుమ దూరి కప్లింగు వేసే పాయింట్స్‌మాన్‌కు మాత్రం ఆ ఒక్క మాట వెన్నుమీద పడుతుంది. బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకొని శ్రమతో కూడిన డ్యూటీకి తిరిగివచ్చే వారి విషయంలో ఈ లోపం మరీ స్పష్టంగా కనబడుతున్నది. అందువలననే ఆ సందర్భాన్ని తీసుకొని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఇది కలవారి ముచ్చట, మనకెందుకు అని కొందరు మిత్రులు అనవచ్చు. అది పొరపాటు. 2019–21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సుమారు 24 శాతం స్త్రీలు, 23 శాతం పురుషులు ఉండవలసిన బరువును మించి ఉన్నారు. ఢిల్లీలో ఆ సంఖ్య స్త్రీలలో 41 శాతం, పురుషులలో 38 శాతం. ఊబకాయం మేడలకే పరిమితమైన జబ్బు కాదు. రాత్రి డ్యూటీ, వేళతప్పిన తిండి, రన్నింగ్ రూముల నిద్ర, స్టేషన్లలో దొరికే నూనె పలహారాలు – ఇవి మన ఉద్యోగంతోబాటు వచ్చినవే. ‘తిని కూర్చున్నాడు’ అని ఎగతాళి చేసేవారు, ఆ తిండికీ నిద్రకూ వేళలు నిర్ణయించినది డ్యూటీ చార్టు అన్న సంగతి మరచిపోతున్నారు.

ఈ శస్త్రచికిత్స అందం కొరకు చేసేది కాదు. కిలోలలో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెను వైద్యులు కొలతగా పెట్టుకున్నారు. ఆ అంకె 40 దాటినవారికి, లేదా 35 దాటి మధుమేహం, రక్తపోటు వంటివి తోడైనవారికి శస్త్రచికిత్స చేయవచ్చునని 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు నిర్ణయించింది. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు ఆ గీతను 35కు దించి, ఆసియా వాసులకు ఇంకా తక్కువ వద్దనే ఆలోచించవచ్చునని చెప్పాయి. ఐదడుగుల ఐదంగుళాల మనిషికి 35 అంటే సుమారు 95 కిలోలు. ఈ శస్త్రచికిత్స ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ, హైదరాబాదు ఉస్మానియా ఆస్పత్రిలోనూ జరుగుతున్నది. అంటే ప్రభుత్వ ఆస్పత్రి గడప తొక్కే మనవంటివారికీ అది అందుబాటులోకి వచ్చినట్లే. చేయించుకొమ్మని గాని, మానుకొమ్మని గాని మేము ఎవరికీ సలహా ఇవ్వడం లేదు. అది రోగికీ వైద్యునికీ మధ్య విషయం. తిరిగివచ్చిన తరువాత డ్యూటీ ఎలా ఉండాలన్నది మాత్రం యూనియను విషయం.

మాట గాలిలో తేలిపోకుండా ఒక చోటును దృష్టిలో ఉంచుకుందాము. దక్షిణ ఢిల్లీలో కటవారియా సరాయ్ అని ఒక పాత గ్రామం ఉన్నది. నగరం పెరిగి దానిని నాలుగు వైపులా చుట్టేసింది. ఒక ప్రక్క కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియా భవనాలు, దాపునే లాల్ బహదూర్ శాస్త్రి సంస్కృత విశ్వవిద్యాలయం, కొద్ది దూరంలో ఐ.ఐ.టి., జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం. వాటి నడుమ ఇరుకు సందులు, ఒకదానినొకటి ఒరుసుకొని లేచిన అంతస్తుల ఇళ్లు, లిఫ్టు లేని నిట్టనిలువు మెట్లు, ఆ మెట్ల కొసన అద్దె గదులు. ఆ గదులలో ఉండే వారిలో ఎక్కువమంది పరీక్షలకు చదువుకునే యువకులు. సివిల్ సర్వీసులకు, ఇంజనీరింగు సర్వీసులకు చదవడానికి మన తెలుగు జిల్లాల నుండి వచ్చిన పిల్లలూ వారిలో ఉన్నారు. వారిలో కొందరు రేపు రైల్వే ఇంజనీర్లై గ్యాంగులపై అధికారులవుతారు.

ఇటువంటి బీటు మీద పనిచేసే పోస్ట్‌మాన్ ఒకరు ఎయిమ్స్‌లో శస్త్రచికిత్స చేయించుకొని, ఆరు వారాల తరువాత ‘ఫిట్’ కాగితంతో సబ్‌పోస్టాఫీసుకు వచ్చాడనుకుందాము. సంతకం కావలసిన ఉత్తరాన్ని, పార్సిలును క్రింద గుమ్మంలో పడవేసి పోవడానికి లేదు. గది దాకా ఎక్కవలసినదే. కిందటి నెల ఉన్న కుర్రవాడు ఈ నెల ఖాళీ చేసి ఉంటాడు, మళ్లీ దిగవలసినదే. భుజాన సంచి, చేతిలో పార్సిళ్లు, నెత్తిన ఎండ. 2024 మే నెలాఖరున ఢిల్లీలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటింది. కాగితం ప్రకారం అతడు పూర్తిగా యోగ్యుడు, కాబట్టి పూర్తి బీటు అతనిదే. పై అధికారి మంచివాడైతే కొన్నాళ్లు సార్టింగులో కూర్చోబెడతాడు, కాకపోతే లేదు. ఒక మనిషి కోలుకోవడం మరొక మనిషి మంచితనం మీద ఆధారపడి ఉండడమే మేము అభ్యంతరం చెబుతున్న విషయం.

అతని శరీరంలో ఏమి జరుగుతున్నదో తెలుసుకుంటే ఈ అభ్యంతరంలోని న్యాయం బోధపడుతుంది. ఎక్కువగా జరిగే ‘స్లీవ్’ పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు నాలుగింట మూడు వంతులు, ఒక్కొక్కప్పుడు అంతకు కొంచెం ఎక్కువే, తీసివేస్తారు. మిగిలేది సన్నని గొట్టం వంటి భాగం. ‘బైపాస్’ పద్ధతిలో జీర్ణాశయాన్ని చిన్న సంచిగా చేసి, చిన్నప్రేగుకు దగ్గర దారిన కలుపుతారు. లాపరోస్కోపీతో చేయడం వలన పైకి కనిపించే గాయాలు చిన్నవే. వాటిని చూసి లోపల కూడా అంతా చిన్నదేననుకోవడం సహజం. కాని లోపలి కుట్లు గట్టిపడాలి. నాలుగు నుండి ఆరు వారాల వరకు బరువులెత్తవద్దని వైద్యులు సాధారణంగా చెబుతారు. ముందే ఎత్తితే హెర్నియా వచ్చే ప్రమాదమున్నది. కుర్చీ పనికి రెండు మూడు వారాలలో వెళ్లగలవాడు కూలి పనికి అదే వ్యవధిలో వెళ్లలేడు.

గాయం మానడంతో కథ ముగియదు. బరువు తగ్గడం ఏడాది, ఏడాదిన్నర వరకు సాగుతుంది. మొదటి ఆరు నెలలలో అది చాలా వేగంగా ఉంటుంది. తగ్గేది కొవ్వు మాత్రమే కాదు, దానితోబాటు కొంత కండ కూడా కరుగుతుంది. చూసేవారికి మనిషి తేలికపడ్డాడు, ‘ఇక పరుగెత్తగలడు’ అనిపిస్తుంది. ఎత్తవలసిన బస్తా మాత్రం తేలికపడలేదు. ఎత్తే కండకు బలం తిరిగి రావాలంటే రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు తినాలి, క్రమంగా వ్యాయామం చేయాలి. ఆ మాంసకృత్తులను పిడికెడు జీర్ణాశయంలోకి ఒక్క పూటలో పంపడం సాధ్యం కాదు. అందుచేత ఐదారు సార్లు, కొద్ది కొద్దిగా, నిదానంగా నమిలి తినాలి. నీరు రోజుకు లీటరున్నరకు తగ్గకూడదు. కాని గటగటా త్రాగడానికి లేదు, గుక్కెడు గుక్కెడుగా త్రాగాలి. భోజనంతోబాటు త్రాగరాదు, అరగంట ఆగాలి. ఎండలో తిరిగే వ్యక్తికి ఈ లెక్క ఎంత కష్టమో మన చదువరులకు మేము వివరించనక్కరలేదు. డ్యూటీలో ఒకే ఒక భోజన విరామమున్నచోట ఈ మనిషి ఆకలితోనో, దాహంతోనో, వాంతులతోనో పనిచేయవలసివస్తుంది.

మందుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బరువు తగ్గేకొద్దీ రక్తపోటుకు, మధుమేహానికి వాడే మాత్రల మోతాదు వైద్యుడు తగ్గించవలసి ఉంటుంది. పాత మోతాదే మ్రింగితే కళ్లు తిరుగుతాయి. అది మెట్ల మీద జరిగినా, పట్టాల మధ్య జరిగినా ఫలితమేమిటో ఊహించవచ్చు. బైపాస్ చేయించుకున్న కొందరిలో, ఏడాది దాటిన తరువాత కూడా, భోజనం చేసిన ఒకటి నుండి మూడు గంటల లోపు రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. ఇంజను నడిపే లోకో పైలట్ విషయంలో ఇది అతని ఒక్కని ఆరోగ్య సమస్య కాదు, బండిలో ఉన్నవారందరి క్షేమానికీ సంబంధించినది. నడుము నొప్పికి మనవారు అలవాటుగా వేసుకొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు, ముఖ్యంగా బైపాస్ తరువాత, లోపల పుండ్లు పుట్టించగలవు. బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వేసుకోవాలి. బి12 లోపిస్తే పాదాలు తిమ్మిరెక్కి అడుగు తడబడుతుంది.

రెండవ వైపు కూడా చెప్పడం న్యాయం. ఈ శస్త్రచికిత్స వలన చాలామందికి మధుమేహం అదుపులోకి వస్తున్నది, మోకాళ్ల మీద భారం తగ్గుతున్నది, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు తగ్గి పగటి కునుకుపాటు పోతున్నది. రాత్రి బండి నడిపే వానికి ఆ మేలు చిన్నది కాదు. అంటే కొద్ది నెలలు సరిగా కాపాడుకుంటే ఆ ఉద్యోగి ఇంకా ఎన్నో ఏళ్లు దృఢంగా పనిచేయగలడు. ఆ కొద్ది నెలలు అతనికి ఇవ్వడం దాతృత్వం కాదు, శాఖకు లాభం.

చట్టం ఏమంటున్నది? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షను ప్రకారం, ఉద్యోగంలో ఉండగా అంగవైకల్యం సంభవించినవారిని ప్రభుత్వ సంస్థ తొలగించరాదు, హోదా తగ్గించరాదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి; అదీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. 2025 ఆగస్టులో సుప్రీం కోర్టు మన తెలుగునాట ఆర్.టి.సి. డ్రైవరు కేసులో మరొక మెట్టు ముందుకు వేసింది. రంగులు గుర్తించలేని దృష్టిలోపం ఉన్నదని ఆ డ్రైవరును 2016లో వైద్య కారణాలపై ఇంటికి పంపారు. అతనికి తగిన ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వవలసిందేనని కోర్టు ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన వాటిలో 1979లో యాజమాన్యానికీ కార్మిక సంఘాలకూ మధ్య జరిగిన ఒప్పందంలోని ఒక క్లాజు ఉన్నది. నలభై అయిదేళ్ల క్రితం కార్మిక నాయకులు బల్ల దగ్గర కూర్చొని వ్రాయించిన నాలుగు పంక్తులు, ఆనాటికి సర్వీసులోనే లేని ఒక డ్రైవరు ఉద్యోగాన్ని ఈనాడు కాపాడాయి. వ్రాతలో ఉన్న హక్కు ఎంతకాలం పనిచేస్తుందో దీనివలన తెలుస్తున్నది.

కాని ఈ రక్షణలన్నీ పూర్వపు పని మరి చేయలేనివారికి. పూర్తి ఆరోగ్యవంతునికి రక్షణ అక్కరలేదు. ఇద్దరికీ మధ్య నిలబడినవాడు, అంటే ఈనాడు చేయలేక, ఆరు నెలల తరువాత చేయగలవాడు, ఏ సెక్షను క్రిందికీ రావడం లేదు. బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నవారే కాదు, గుండెకు ఆపరేషను జరిగినవారు, క్షయ నుండి కోలుకుంటున్నవారు, కాన్పు తరువాత బీటుకు వచ్చే సోదరీమణులు, అందరూ ఈ మధ్య వరుసలోని వారే.

సెలవు పెట్టుకోవచ్చు గదా అంటారు. లెక్క చూద్దాము. సర్వీసులో ఏడాదికి 20 రోజుల హాఫ్ పే లీవు జమ అవుతుంది. పూర్తి జీతంతో కమ్యూటెడ్ లీవు వాడుకుంటే అంతకు రెట్టింపు హాఫ్ పే లీవు ఖర్చు పడుతుంది. ఆరు వారాల విశ్రాంతికి 84 రోజులు తరిగిపోతాయి. అంటే నాలుగేళ్లకు పైగా కూడబెట్టినది ఒక్క ఆపరేషనుకు చెల్లు. రన్నింగ్ సిబ్బందికి బండి ఎక్కని రోజున రన్నింగ్ అలవెన్సు లేదు. గ్రామీణ డాక్ సేవకుల పరిస్థితి మరీ దయనీయం. వారికి జీతంతో కూడిన సెలవు ఏడాదికి 20 రోజులు మాత్రమే. ఈ లెక్కల వలననే మనిషి మానని కడుపుతో డ్యూటీకి పరుగెత్తుకొస్తున్నాడు, తనకు ఆపరేషను జరిగిన సంగతి దాస్తున్నాడు.

దాచడానికి మరొక కారణం ఎగతాళి. 2017 ఫిబ్రవరిలో ముంబయి ఎన్నికల రోజున ఒక ప్రసిద్ధ రచయిత్రి స్థూలకాయుడైన పోలీసు అధికారి ఫోటోను ప్రచురించి పరిహాసమాడారు. ఆయన ముంబయి పోలీసు కాదు, మధ్యప్రదేశ్‌లోని నీమచ్‌కు చెందిన ఇన్‌స్పెక్టరు. తిండి వలన కాదు, జబ్బు వలన పెరిగిన బరువని ఆయన చెప్పుకోవలసివచ్చింది. తరువాత ముంబయిలో ఆయనకు ఈ శస్త్రచికిత్స జరిగింది. పత్రికలు ఎన్ని కిలోలు తగ్గినదీ లెక్కపెట్టాయి. ఆపరేషను తరువాత ఆయనకు ఎటువంటి డ్యూటీ వేశారన్న ప్రశ్న మాత్రం మేము చూసిన వార్తలలో కనబడలేదు. మన ఆఫీసులలో, గ్యాంగ్ హట్లలో జరిగేదీ ఇదే. లావుగా ఉన్నప్పుడు ఒక పేరు, సన్నబడిన తరువాత మరొక పేరు. ఇది యాజమాన్యం చేసే అన్యాయం కాదు, మనలో మనం చేసుకొనేది. దీనిని మాన్పించే బాధ్యత బ్రాంచి కార్యదర్శులపై ఉన్నది.

ఒకరి బీటు తగ్గిస్తే మిగిలిన భారం ప్రక్కవాని మీద పడదా అన్న ప్రశ్న న్యాయమైనది. పడకూడదు. తగ్గించిన మేరకు ప్రత్యామ్నాయ సిబ్బందిని ఇవ్వాలన్నది మా డిమాండులో భాగమే. ఖాళీలు నింపకుండా, ఉన్నవారి మధ్య భారం పంచి, ఆపై రోగిని ప్రక్కవానికి శత్రువుగా చూపడం పాత ఎత్తుగడ. దుర్వినియోగం జరగదా అని అధికారులు అడుగుతారు. గడువు తేదీతో, వైద్యుని సంతకంతో ఉన్న కాగితాన్ని దుర్వినియోగం చేయడం కష్టం. నోటిమాటతో నడిచే దయను దుర్వినియోగం చేయడమే సులభం.

మేము కోరుతున్నది ప్రపంచంలో లేనిదేమీ కాదు. బ్రిటన్‌లో 2010 ఏప్రిల్ నుండి పాత ‘సిక్ నోట్’ స్థానంలో ‘ఫిట్ నోట్’ వచ్చింది. ఈ ఈ జాగ్రత్తలతో పని చేయవచ్చునని డాక్టరు అందులో వ్రాయవచ్చు. క్రమక్రమంగా పనిలోకి రావడం, పని గంటల మార్పు, పని స్వభావంలో మార్పు, పనిచోట సదుపాయాలు అని నాలుగు గడులు అందులో ఉన్నాయి. జర్మనీలో కోలుకుంటున్న కార్మికుడు రోజుకు కొద్ది గంటలతో మొదలుపెట్టి, అస్వస్థత భృతి పొందుతూనే, పూర్తి పనికి చేరుకొనే పద్ధతి ఉన్నది. దానిని ‘హాంబర్గ్ పద్ధతి’ అంటారు.

కావున మా సూచనలు ఇవి:

1. ఫిట్ సర్టిఫికెట్‌లో రెండవ భాగం చేర్చాలి. ఎత్తదగిన బరువు, నడక, మెట్లు, ఎండ, రాత్రి డ్యూటీ విషయమై పరిమితులనూ, వాటి గడువు తేదీనీ వైద్యుడు వ్రాయాలి.

2. ఆ గడువులో ఉద్యోగిని మెట్టుమెట్టుగా పనిలోకి తీసుకోవాలి. పోస్ట్‌మాన్‌కు మొదట సార్టింగు, పిదప సగం బీటు, ఆ తరువాత పూర్తి బీటు. ట్రాక్ మెయింటెయినర్‌కు మొదట బరువు లేని పని. జీతం, సీనియారిటీ, కేటగిరీ చెక్కుచెదరరాదు.

3. తినడానికి, నీరు త్రాగడానికి రెండు మూడు గంటలకొకసారి చిన్న విరామం వ్రాతపూర్వకంగా ఇవ్వాలి.

4. తగ్గిన పనికి సరిపడా ప్రత్యామ్నాయ సిబ్బందిని ఇవ్వాలి.

5. గ్రామీణ డాక్ సేవకులకూ, కాంట్రాక్టు సిబ్బందికీ ఇవే హక్కులు వర్తించాలి.

6. పై అధికారికి చేరవలసినది పరిమితుల వివరం మాత్రమే. జబ్బు పేరు, ఆపరేషను పేరు రోగి రహస్యం.

సోదర ఉద్యోగులకు కూడా ఒక మాట. ఆపరేషనుకు వెళ్లే ముందే మీ డ్యూటీ ఎటువంటిదో వైద్యునికి వివరించండి. ‘పోస్టాఫీసులో ఉద్యోగం’ అంటే ఆయన కుర్చీ పని అనుకుంటాడు. ఎన్ని అంతస్తులు ఎక్కుతారో, ఎంత మోస్తారో లెక్క చెప్పండి. మోయవలసిన బరువు, ఎండ, విరామాల విషయం కాగితం మీద వ్రాయించుకోండి. కళ్లు తిరిగితే సిగ్గుపడి దాచవద్దు, మాత్రల మోతాదు మీరే మార్చుకోవద్దు, నొప్పి మాత్ర అడగకుండా మ్రింగవద్దు.

ఒక పరిమితిని కాగితం మీదికి తేవడం మన ఉద్యమానికి కొత్త కాదు. 1973లో లోకో రన్నింగ్ సిబ్బంది పోరాడినది డ్యూటీకి పది గంటల హద్దు కొరకు. 1974 మే సమ్మెలో రైల్వే కార్మికులు అడిగిన వాటిలో ఎనిమిది గంటల పనిదినం ఒకటి. మనిషి శరీరానికి ఒక హద్దున్నదని, ఆ హద్దును అధికారి దయకు వదలరాదని ఆనాడు చెప్పినవారు మన పెద్దలు. ఈ డిమాండు ఆ కోవలోనిదే. రైల్వే సోదరులు పి.ఎన్.ఎం. సమావేశాలలోనూ, తపాలా సోదరులు జె.సి.ఎం. వేదికపైనా దీనిని ఎజెండాలో చేర్పించాలి. ప్రతి బ్రాంచీ తన పరిధిలో ఆపరేషను తరువాత బరువు పనికి తిరిగివచ్చిన సభ్యుల అనుభవాలను, పేర్లు బయటపెట్టకుండా, సేకరించి పంపాలని కోరుతున్నాము. వివరాలు చేతిలో ఉంటేనే బల్ల దగ్గర మన మాటకు బలం వస్తుంది.